కాకా చదవనన్న వాక్యం

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ఒక శాలువా, ఒక వీడ్కోలు సభ, కాస్త మోకాళ్ల నొప్పి ఉండాలని లోకం అనుకుంటుంది. నా దగ్గర ఆ మూడూ లేవు. ఇంకా ముప్పై కూడా రాలేదు. కానీ మొన్న, నేను మానేసిన ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, పొద్దంతా షుగరు, మోకాళ్లు, మలబద్ధకం గురించి రాసుడేనా? ఇందుల మజా ఏముంది?" అని అడిగింది. నాకు ఫోన్‌లో మాటలు రావు. "ఉంటది, ఉంటది" అని పెట్టేశాను. ఆ తర్వాత రోజంతా మనసులో ఆమెకు జవాబు చెబుతూనే ఉన్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్లెవరైనా చదువుకోవచ్చు.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక కోచింగ్ సెంటర్ పైన ఉండేది. నేను అసలు ఆ కింది అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వచ్చినదాన్ని. గైడు మధ్యలో నవల పెట్టుకుని చదివేదాన్ని కాబట్టి బ్యాంకులకు నా అవసరం పడలేదు. ఒకరోజు మెట్ల మీద 'తెలుగు బాగా రాసేవారు కావలెను' అని కాగితం అంటించి ఉంది. మాట్లాడటం గురించి అందులో ఏమీ లేదు. ధైర్యం చేసి పైకెక్కాను.

అది ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో. ఒక ఆరోగ్య సంస్థ కోసం అరవై దాటినవాళ్లు ఫోన్‌లో వినే కార్యక్రమాలు చేసేవాళ్లం. డాక్టర్లు ఇంగ్లీషులో రాసి పంపేవారు. దాన్ని మన ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులోకి తేవడం నా పని. యజమానురాలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ. ఆమెను మేడం అనేవాళ్లం. సౌండు చూసుకునే అతను బడంగ్‌పేట నుంచి బైకు మీద వచ్చేవాడు. రికార్డింగ్ గదిలో గోడల నిండా పాత బొంతలు వేలాడదీశాం, కింద కోచింగ్ సారు చెప్పే లెక్కలు మైకులోకి ఎక్కకుండా. రికార్డింగ్ అంతసేపూ ఫ్యాను బంద్. ఎండాకాలంలో మా కార్యక్రమాల్లో వినిపించే ఆ దయగల గొంతులన్నీ చెమటలు కక్కుతూ మాట్లాడినవే.

అందరికన్నా మంచి గొంతు మేమంతా కాకా అని పిలిచే పెద్దాయనది. రిటైరైన బస్సు కండక్టరు. ఊరు నల్గొండ దగ్గర, ఇల్లు ఎల్‌బీ నగర్‌లో. ఆయన "బీపీ గోలీ మర్వకుండ్రి" అంటే ఎవరైనా లేచి వెళ్లి వేసుకోవాల్సిందే. నేను రాసిన వాక్యం ఆయన నోట్లోంచి వస్తుంటే, అది నేను రాసిందేనా అనిపించేది. ఇంట్లో డైరీ రాసుకునేటప్పుడు కూడా కాకా గొంతుతోనే వాక్యాలు వినిపించడం మొదలైంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. దాన్ని 'మొదటి వినికిడి' అనేవాళ్లం. రికార్డింగ్‌కి ముందు, గొంతు ఇచ్చేవాళ్ల ఇంట్లోంచి ఒక పెద్ద మనిషిని పిలిపించి, అద్దానికి ఇవతల కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టేవాళ్లం. లోపల చదువుతారు, వీళ్లు వింటారు. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ చెయ్యెత్తాలి. సందేహం ఉంటే రాసినదాన్ని, అంటే నన్ను అడగాలి. చదివేవాళ్లతో మాట్లాడకూడదు. వాళ్లు నోటితో విడమర్చి చెప్పేస్తే కాగితం మీద వాక్యం బాగుపడదు కదా. ఈ నియమం మేడం పెట్టింది, చాలా గట్టి నియమం.

కాకా తరఫున వినడానికి ఎప్పుడూ ఆయన భార్యే వచ్చేది. గట్టి మనిషి. "గిది నాకే సమజైతలేదు, ఇగ మా అక్కకేం సమజైతది" అని చెయ్యెత్తి నా చేత ఎన్నిసార్లు తిరగరాయించిందో. అలాంటిది ఆ ఏడు ఎండలు మొదలైనప్పటి నుంచీ రావడం మానేసింది. పాణం బాగలేదని కాకా అనేవాడు. ఎవరో ఒకరిని కూర్చోబెట్టి కానిచ్చేస్తున్నాం.

అప్పుడే ఆ స్క్రిప్టు వచ్చింది. మనుషుల్లో ఇష్టాలు రకరకాలుగా ఉంటాయని పెద్దవాళ్లకు చెప్పే భాగం. నేను చాలా జాగ్రత్తగా రాశాను. వినేవాళ్లు బెదరకూడదని నా తెలివి కొంచెం జోడించాను కూడా. "ఈ కాలం పిల్లల్లో కొందరికి ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా కూడా ప్రేమ కలుగుతుంది. దీన్ని ద్విలైంగికత అంటారు. మీ మనవడో మనవరాలో ఇలా చెబితే కంగారు పడకండి." రాసి, నా భుజం నేనే తట్టుకున్నాను.

కాకా టీ తాగుతూ పైకి చదువుకుంటున్నాడు. అక్కడికి రాగానే ఆగిపోయాడు. కళ్లద్దాలు తీశాడు.

"ఈ కాలం పిల్లల్ల అని ఎందుకు రాసినవ్ బిడ్డా?"

సౌండతను నవ్వి, "మరి మీ కాలంల గివన్ని ఉండెనా కాకా?" అన్నాడు.

"మా కాలంల పేరు లేకుండె," అన్నాడు కాకా. "మనుషులుండిరి."

అతను నవ్వడం ఆపేశాడు. మిగతాదంతా చదువుతాననీ, ఈ ఒక్క వాక్యం మాత్రం తన నోటితో చదవననీ చెప్పి, కాకా కాగితం బల్ల మీద బోర్లించాడు. నేను ఇంగ్లీషు ప్రతి తీసి చూసుకున్నాను. డాక్టరు రాసింది 'కొందరు మనుషులు' అని. పిల్లల్ని పట్టుకొచ్చింది నేనే. అరవై దాటినవాళ్ల కార్యక్రమంలోంచి అరవై దాటినవాళ్లనే బయటికి పంపేశాను.

మధ్యాహ్నం సౌండతను తినడానికి కిందికి పోయాక కాకా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాడు. నేను ముక్కలు చేసి చెప్పాను. ఆయన నాలుక తిరగలేదు. ఇంగ్లీషులో ఏమంటారన్నాడు. బైసెక్సువల్ అన్నాను. దాన్ని రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు, వేడి పదార్థం చల్లార్చుకుంటున్నట్టు.

"దీనికి పేరున్నదంటే, నా లెక్క ఇంకా మంది ఉన్నట్టే గద?"

ఇలాంటి వాక్యాలు పుస్తకాల్లో చదివాను. నా బల్ల ముందు నిలబడి ఒక మనిషి అనడం అదే మొదలు. ఉన్నారని చెప్పాను. నేను చదివినవన్నీ గుర్తొచ్చాయి. పెళ్లిళ్లయి, మనవలు పుట్టాక ఈ మాట తమకోసమేనని తెలుసుకున్న ఆడవాళ్లు, మగవాళ్లు. నేను అంత గడగడా మాట్లాడటం ఆ ఆఫీసులో ఎవరూ విని ఉండరు. నేనూ వినలేదు. కాకా ముఖం చూడాలి మీరు. పండగపూట పిల్లవాడి ముఖం.

"ఇన్నేండ్లు టికెట్ లేని ప్యాసింజర్ లెక్క ఆఖరి సీట్ల కూసున్న బిడ్డా," అన్నాడు. "చెకింగోడు ఎప్పుడెక్కుతడో అని."

తర్వాత కూర్చుని తన కథ చెప్పాడు. అప్పట్లో ఒక డ్రైవరు, ఒక కండక్టరు కలిసి ఒకే బండి మీద ఏళ్ల తరబడి డ్యూటీ చేసేవారట. ఆయన బండి పొద్దుగూకే వేళకు ఒక పల్లెకు చేరి, తెల్లారాక తిరిగి బయల్దేరేది. ఇద్దరూ అక్కడే వండుకుని, బస్సు మీద పడుకునేవారు. పెళ్లికాని రోజులు. ఆ డ్రైవరంటే తనకు ప్రాణమని, ఆ డ్రైవరుకూ తనంటే అంతేనని కాకా చెప్పాడు. ఇంట్లో పెళ్లి కుదిర్చినప్పుడు భయపడ్డాడట, ఈ పిల్లను మోసం చేస్తున్నానేమోనని. కానీ చేసుకున్నాక ఆమె మీద కూడా నిజంగా మనసు పడింది. అదే ఆయనకు అన్నిటికన్నా పెద్ద పరేషాన్ అయింది. పెళ్లి కాగానే తనే అడిగి బండి మార్పించుకున్నాడు. ఆ తర్వాత డ్రైవరుకూ పెళ్లయింది. రెండు కుటుంబాలూ పండగలకూ పబ్బాలకూ వచ్చిపోతూనే ఉన్నాయి. తన మనసు ఏ రకందో మాత్రం కాకాకు ఎప్పుడూ తేలలేదు. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కావాలి కదా, మరి రెండూ నిజంలాగే ఉన్నాయేమిటి?

ఎండలు మొదలైనప్పుడు ఆ డ్రైవరు చనిపోయాడు. కాకా ఏడ్చిన ఏడుపు చూసి భార్యకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం గట్టిపడింది. నేరుగా అడిగింది. ఆయన దాచలేదు. "అయితే నేనేంది?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. అప్పటినుంచీ వండి పెడుతుంది, గోలీలు చేతికిస్తుంది, మాట మాత్రం లేదు. ఆయన గొంతు ఫోన్‌లో వినడం కూడా మానేసింది.

"నాకైతే పేరు దొరికింది," అన్నాడు కాకా. "ఆమెకు జవాబు దొరకలే. నేను చెప్పబోతే లేచి పోతది."

మొదటి వినికిడికి ఆమెను పిలవనా అని అడిగాను. "ఒస్తే మంచిదే. నేనైతే అడగలేను," అన్నాడు.

ముందు మేడం దగ్గరికి వెళ్లాను. 'ఈ కాలం పిల్లలు' తీసేస్తానన్నాను.

"అది డాక్టరు గారు రాశారా, నువ్వు రాశావా?"

"నేనే మేడం."

"అయితే తీసెయ్యి. దానికి నన్నడగడం దేనికమ్మా?"

పెద్దవాళ్ల గురించి రెండు వాక్యాలు కలుపుతానని కూడా చెప్పాను. అక్కడ మేడం చేతిలో కలం ఆగింది. పెద్దవాళ్లు ఫోన్లు చేసి తిడతారనీ, సంస్థవాళ్లు బెదిరిపోతారనీ అన్నారు. ఇలా రాయమని ఎవరైనా అడిగారా అన్నారు. అడిగారు, ఎవరో చెప్పలేను అన్నాను. చెప్పి, అక్కడే నిలబడ్డాను. మామూలుగా అయితే ఆ పాటికి తలుపు దాటేసేదాన్ని. మేడం నన్ను ఎగాదిగా చూసి, మొదటి వినికిడిలో పెట్టి చూద్దామన్నారు. విన్నవాళ్లు ఉండనీ అంటే ఉంటుంది, వద్దంటే పోతుంది. అన్ని వాక్యాలకూ ఉన్న నియమమే దీనికీ.

ఇక మిగిలింది ఫోన్. నాకు ఫోన్ చేయడమంటే ఎంత భయమంటే, కిరాణా కొట్టుకు కూడా మెసేజే పెడతాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని, మెట్ల మీద కూర్చుని చేశాను. ఆమె ఎత్తగానే ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు.

"గాయిన చెప్పమన్నడా?" అంది.

"లేదమ్మా. నేనే చేస్తున్న. కొత్తది రాసిన. మంచిగొచ్చిందో లేదో తెలుస్తలేదు. మీరు ఇంటే తెలుస్తది."

"దేని మీద?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది, వాడుకోలేదు. "మీరు కాకాను అడిగిన ముచ్చట మీదనే," అన్నాను.

అవతల కుక్కర్ కూత వినిపించింది. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. "రేపు పొద్దుగాల ఒస్త. నీ పని కోసం ఒస్తున్న, గాయిన కోసం కాదు," అంది.

ఆ సాయంత్రం సైదాబాద్‌లో మా ఇంటికి నడిచే వెళ్లాను. బస్సులో కూర్చోవడం నా వల్ల కాలేదు. దారంతా వాక్యాలు మారుస్తూనే ఉన్నాను. ఒక్కో మాట పెడితే గుండె ఎగిరేది, ఇది ఆమె వింటుంది కదా అని. రాసేవాళ్లకు వినే మనిషి ముఖం ముందే తెలియడం ఎంత భయమో, ఎంత సంబరమో ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఆమె వచ్చింది. అంచు చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్లి మాటలకు వచ్చినట్టు వచ్చింది. కాకా అప్పటికే అద్దం వెనక ఉన్నాడు. ఆమె అటు చూడకుండా కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మేడం వెనక నిలబడ్డారు. సౌండతను వేలు ఎత్తాడు. ఫ్యాను ఆగింది.

కాకా మొదలుపెట్టాడు. మామూలు మాటలే ముందు. తర్వాత ఆ వాక్యాలు వచ్చాయి. "మనలో కొందరికి ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా కూడా మనసు పోతుంది. అరవై దాటినవాళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. మన రోజుల్లో దీనికి పేరు తెలియలేదు. ఇప్పుడు ద్విలైంగికత అంటున్నారు. ఇది జబ్బు కాదు, తప్పు కాదు." ఆ పెద్ద మాట ఆయన నోట తడబడకుండా వచ్చింది. ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఆమె చెయ్యెత్తింది.

కాకా ఆగాడు. ఆమె హెడ్‌ఫోన్లు తీయలేదు, నా వైపు తిరిగి ఇంకోసారి చదవమంది. చదివాడు. మళ్లీ చెయ్యెత్తింది. మళ్లీ చదివాడు.

"మాటలు సమజైనయ్," అంది నాతో. నియమం ప్రకారం నాతోనే. "కని అసలుది రాయలేదు నువ్వు. ఒగరి మీద గంత పాణం పెట్టుకున్నంక, ఇంటికొచ్చినామెకు పెట్టేది మిగిలిందేనా? గది చెప్పు."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న అలా లేదు. డాక్టరు గారిని అడిగి రాయాలని మేడం అనబోతున్నారు. అప్పుడు గది లోపలి నుంచి, మైకులోంచి, మా అందరి చెవుల్లోకీ కాకా గొంతు వచ్చింది.

"నీకు మిగిలింది పెట్టలే. నీకు వేరే వండిన."

నియమం తప్పాడని ఎవరూ అనలేదు. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సౌండతను మీటల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, కాకా కూడా అది తెలిసే మాట్లాడాడు. అద్దం అవతల ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆమె ఒడిలో చేతులు చూసుకుంటోంది. ఫ్యాను లేదు, అందరి ముఖాల మీదా నీళ్లు, ఏవి చెమటో ఏవి కన్నీళ్లో ఎవరు చెప్పగలరు.

కాసేపటికి ఆమె తల ఎత్తింది. ఈసారి నాతో కాదు.

"ముందే అనొచ్చు గద."

"నాకే తెల్వకుండె," అన్నాడు కాకా. "రెండు పొయ్యిలు ఉంటయని ఎవలు చెప్పిండ్రు నాకు?"

ఆమె మూతి ఒక పక్కకు వంగింది. నవ్వని అనలేను, నవ్వు కాదనీ అనలేను. "రాసుకో బిడ్డా, గిదే రాయి," అంది నాతో. అక్కడికక్కడే రాశాను. 'ఒకరి మీద ప్రేమ ఉంటే ఇంకొకరికి దక్కేది మిగులు కాదు. రెండూ వేటికవే నిండుగా ఉండగలవు.' మేడం అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేసి చదివి వినిపించారు. అవతలివారు ఉంచమన్నారు. మేడం ఫోన్ పెట్టేసి, "తిట్టేవాళ్లుంటే నాకే చేస్తార్లెండి, వింటాను," అన్నారు.

ఆ మధ్యాహ్నమే రికార్డు చేసేశాం. సౌండతను ఎవరూ చెప్పకుండానే కిందికి పోయి టీ తెచ్చి, "కాకా, చక్కెర తక్కువేయించిన," అని ముందు ఆయనకే ఇచ్చాడు. నిన్నటి నవ్వుకు అది అతని క్షమాపణ అని నాకు అర్థమైంది. కాకాకూ అర్థమైంది, భుజం మీద ఒకటి వేశాడు.

చెల్లీ, నువ్వు మజా ఏముందన్నావు. షుగరూ మోకాళ్లే రాస్తాం, నిజమే. కానీ ఎప్పుడో ఒకసారి, ఒక మనిషి ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్న మాట నీ కాగితం మీద ఉంటుంది. అది నీకు ముందుగా తెలియదు. అందుకని ప్రతిదీ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. ఇదంతా రాయడానికి కాకాను అడిగాను. రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ఇంకొక్కటి చెప్పాలి. వాళ్లు వెళ్లేటప్పుడు బస్టాపు దాకా నేనూ వెళ్లాను. ఎల్‌బీ నగర్ బస్సు వస్తోంది. కాకా ముందుకు పోయి చెయ్యెత్తి ఆపుతున్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఈ కార్యక్రమం ఫోన్‌లో ఎప్పుడొస్తుందని అడిగింది. వచ్చే వారమే అన్నాను, రాగానే లింకు పంపిస్తానన్నాను.

"నాకు కాదు," అంది. "ఆ డ్రైవరు ఇంటామె ఉన్నది. దినాలనాడు నన్ను పక్కకు తీస్కపోయి అడిగింది, వదినా, మనమేంది వీళ్లకు అని. నాకే తెల్వదు, ఆమెకేం చెప్పుత? ఊకున్న." బస్సు ఆగింది. కాకా మెట్టు మీద నిలబడి రమ్మంటున్నాడు. ఆమె వస్తున్నానని చెయ్యి ఊపి, మళ్లీ నా వైపు తిరిగింది. "నాకైతే చెప్పెటోడు ఉన్నడు బిడ్డా. ఆమెకు లేడు. నువ్వు పంపకు, రాంగనే నాకు చెప్పు. నేనే పోయి, పక్కన కూసోని వినిపిస్త."